ప్రోటాన్ ఎక్కడుంది? మందుల అయనీకరణంపై పీహెచ్ ప్రభావం

కొత్త కోడలు గుమ్మం దగ్గర నిలబడగానే ఎర్రనీళ్లతో దిష్టి తీస్తారు. ఆ ఎర్రనీళ్లలో కుంకుమ ఉండనక్కర్లేదు. పళ్లెంలో పసుపు నీళ్లు పోసి, చిటికెడు సున్నం కలిపితే చాలు, రంగు క్షణంలో ఎర్రబడుతుంది. అందులోనే నిమ్మకాయ పిండితే మళ్లీ పసుపు రంగు వచ్చేస్తుంది. పసుపులోని కర్‌క్యుమిన్ ఒక బలహీన ఆమ్లం. సున్నం దాని ప్రోటాన్‌ను లాక్కుంటుంది, నిమ్మరసం తిరిగి ఇస్తుంది. పదార్థం అదే. చుట్టూ ఉన్న ద్రవం పీహెచ్ మారింది కాబట్టి దాని రూపం మారింది, రూపంతోపాటు రంగూ మారింది.

మనం మింగే మాత్రల్లో చాలావాటికి ఒంట్లో జరిగేది ఇదే. అక్కడ మారేది రంగు కాదు, కణాల పొరను దాటే శక్తి. మందు రక్తంలోకి వెళ్తుందా, మెదడుకు చేరుతుందా, మూత్రంలో పోతుందా అన్నవి చాలావరకు దీనిమీదే ఆధారపడతాయి.

డీఫార్మసీ, బీఫార్మసీ, ఫార్మ్‌డీ, ఎంబీబీఎస్, నర్సింగ్ విద్యార్థులకు, జీప్యాట్, నీట్ పీజీ, ఫార్మసిస్టు, డ్రగ్ ఇన్‌స్పెక్టర్ పరీక్షలకు చదివేవారికి ఇది తప్పించుకోలేని అంశం. చాలామంది రెండు సూత్రాలు బట్టీ పట్టి, ఏది ఆమ్లానికో ఏది క్షారానికో పరీక్ష హాల్లో తడబడతారు. బట్టీ అక్కర్లేదు. ప్రతి లెక్కలో ఒకే ప్రశ్న వేసుకోండి: ఇప్పుడు ప్రోటాన్ ఎక్కడుంది?

పొరను దాటేది ఏ రూపం?

చారుకు ఇంగువ తాలింపు వేసినప్పుడు నూనె పైన తేలుతుంది. ఇంగువ వాసనను ఆ నూనె పట్టుకుంటుంది. ఉప్పు మాత్రం నూనె వైపు పోదు, కింద నీళ్లలోనే కరిగి ఉంటుంది. కారణం ఆవేశం. ఉప్పు నీళ్లలో ధన, రుణ అయాన్లుగా విడిపోతుంది. ఆవేశం ఉన్న కణానికి నీరే ఇష్టం, నూనె గిట్టదు.

మన కణాల చుట్టూ ఉండే పొర నడిమి భాగం కూడా నూనె లాంటిదే. ఫాస్ఫోలిపిడ్లు రెండు వరసలుగా పేర్చుకుని లోపల కొవ్వు తోకలను దాచుకుంటాయి. ఆవేశం లేని మందు అణువు ఇంగువలాగా ఆ కొవ్వులో కలిసి అవతలికి పోతుంది. ఆవేశం ఉన్న అయాన్ ఉప్పులాగా ఇవతలి నీటిలోనే ఉండిపోతుంది.

మందుల్లో ఎక్కువ భాగం బలహీన ఆమ్లాలు లేదా బలహీన క్షారాలు. వీటికి రెండు రూపాలూ సాధ్యమే. ఈ పాఠం మొత్తానికి పునాది ఈ రెండు వాక్యాలు:

- ఆమ్ల మందు: ప్రోటాన్ ఉంటే ఆవేశం ఉండదు. ప్రోటాన్ పోతే రుణావేశం వస్తుంది.
- క్షార మందు: ప్రోటాన్ లేకపోతే ఆవేశం ఉండదు. ప్రోటాన్ వచ్చి చేరితే ధనావేశం వస్తుంది.

పీహెచ్ తక్కువగా ఉందంటే ద్రవంలో ప్రోటాన్లు సమృద్ధిగా ఉన్నాయని అర్థం. అక్కడ ఆమ్ల మందు తన ప్రోటాన్‌ను వదులుకోదు, ఆవేశం లేకుండా ఉంటుంది. క్షార మందు మాత్రం ప్రోటాన్‌ను అందుకుని అయాన్‌గా మారుతుంది. పీహెచ్ ఎక్కువైతే ప్రోటాన్లకు కరువు. అప్పుడు రెండింటి పరిస్థితీ తారుమారవుతుంది.

పీహెచ్ ద్రవానిది, పీకేఏ మందుది

పీహెచ్ కొలమానాన్ని 1909లో డెన్మార్క్ శాస్త్రవేత్త సోరెన్‌సెన్ కోపెన్‌హాగన్‌లోని కార్ల్స్‌బర్గ్ ప్రయోగశాలలో ప్రవేశపెట్టారు. ఇది సంవర్గమాన కొలమానం. పీహెచ్ ఒక అంకె తగ్గితే ప్రోటాన్ల గాఢత 10 రెట్లు పెరుగుతుంది, రెండంకెలు తగ్గితే 100 రెట్లు.

పీకేఏ అంటే మందులో సగం అణువులు ప్రోటాన్‌తోనూ సగం ప్రోటాన్ లేకుండానూ ఉండే పీహెచ్. ఇది మందుకు పుట్టుకతో వచ్చిన గుణం. జీర్ణాశయంలో ఉన్నా రక్తంలో ఉన్నా మందు పీకేఏ అదే. మారేది చుట్టూ ఉన్న పీహెచ్.

శరీరంలో గుర్తుంచుకోవాల్సిన పీహెచ్ విలువలు:

- జీర్ణాశయం: 1 నుంచి 3
- చిన్న పేగు: మొదట్లో సుమారు 6, చివరికి 7 దాటుతుంది
- రక్తం: 7.4
- మూత్రం: 4.5 నుంచి 8
- తల్లిపాలు: రక్తం కంటే కొంచెం తక్కువ, సుమారు 7
- కణాల్లోని లైసోజోములు: 4.5 నుంచి 5

ఇక్కడ ఒక ఉచ్చు ఉంది. పీకేఏ తక్కువగా ఉంటే ఆమ్లమనీ, ఎక్కువగా ఉంటే క్షారమనీ చాలామంది అనుకుంటారు. అది తప్పు. ఆస్పిరిన్ పీకేఏ 3.5, డయాజెపామ్ పీకేఏ 3.3. మొదటిది ఆమ్లం, రెండోది క్షారం. ఫెనిటాయిన్ 8.3, లిగ్నోకైన్ 7.9. ఇక్కడా మొదటిది ఆమ్లం, రెండోది క్షారం. పీకేఏ చెప్పేది బలమే, జాతి కాదు. ఆమ్లాల్లో పీకేఏ తగ్గేకొద్దీ బలం ఎక్కువ. క్షారాల్లో పీకేఏ పెరిగేకొద్దీ బలం ఎక్కువ.

రెండు సూత్రాలు కాదు, ఒకటే

అమెరికా శాస్త్రవేత్త లారెన్స్ హెండర్సన్ 1908లో బఫర్ల సమీకరణం ఇచ్చారు. డెన్మార్క్‌కు చెందిన కార్ల్ హాసెల్‌బాల్క్ 1916లో దాన్ని సంవర్గమాన రూపంలోకి మార్చారు. అదే హెండర్సన్-హాసెల్‌బాల్క్ సమీకరణం. పాఠ్యపుస్తకాల్లో ఇది రెండుగా కనిపిస్తుంది.

ఆమ్లానికి: పీహెచ్ = పీకేఏ + లాగ్ (అయాన్ రూపం ÷ ఆవేశం లేని రూపం)

క్షారానికి: పీహెచ్ = పీకేఏ + లాగ్ (ఆవేశం లేని రూపం ÷ అయాన్ రూపం)

ప్రోటాన్ కంటితో చూస్తే రెండూ ఒకటే:

లాగ్ (ప్రోటాన్ ఉన్న రూపం ÷ ప్రోటాన్ లేని రూపం) = పీకేఏ − పీహెచ్

ఇదొక్కటి గుర్తుంటే చాలు. లెక్క మూడు మెట్లలో పూర్తవుతుంది. పీకేఏలోంచి పీహెచ్ తీసివేయండి. ఆ తేడాను 10కి ఘాతంగా వేస్తే ప్రోటాన్ ఉన్న రూపం ఎన్ని రెట్లో వస్తుంది. మందు ఆమ్లమైతే ఆ రూపానికి ఆవేశం లేదనీ, క్షారమైతే ఉందనీ రాయండి.

లెక్క లేకుండా శాతాలు

పీహెచ్, పీకేఏల మధ్య తేడాను బట్టి రెండు రూపాల శాతాలు ఇలా ఉంటాయి.

- తేడా 0: 50, 50
- తేడా 0.5: 76, 24
- తేడా 1: 91, 9
- తేడా 2: 99, 1
- తేడా 3: 99.9, 0.1

పెద్ద వాటా ఎవరిది? పీహెచ్ పీకేఏ కంటే తక్కువైతే ప్రోటాన్ ఉన్న రూపానిది, ఎక్కువైతే ప్రోటాన్ లేని రూపానిది. తేడా 1 ఉన్నప్పుడు 90, 10 అని రాయడం తరచుగా జరిగే పొరపాటు. నిష్పత్తి 10:1, అంటే మొత్తం 11 భాగాల్లో 10. అది 91 శాతం.

ఉదాహరణ 1: ఆస్పిరిన్ (ఆమ్లం, పీకేఏ 3.5) పీహెచ్ 1.5 ఉన్న జీర్ణాశయంలో. తేడా 2. పీహెచ్ తక్కువ కాబట్టి 99 శాతం ప్రోటాన్‌తో ఉంది. ఆమ్లం కాబట్టి ఆ 99 శాతానికీ ఆవేశం లేదు.

ఉదాహరణ 2: అదే ఆస్పిరిన్ రక్తంలో. పీకేఏ కంటే పీహెచ్ 3.9 ఎక్కువ. ఆవేశం లేని అణువు ఒకటి ఉంటే దానికి దాదాపు 8,000 అయాన్లు ఉంటాయి.

ఉదాహరణ 3: లిగ్నోకైన్ (క్షారం, పీకేఏ 7.9) రక్తంలో. తేడా 0.5. పీహెచ్ తక్కువ కాబట్టి 76 శాతం ప్రోటాన్‌తో ఉంది. క్షారం కాబట్టి ఆ 76 శాతం అయాన్లే. పొర దాటగలిగేది మిగతా 24 శాతం.

మాత్రల పట్టీ మీదే ఉంది జవాబు

మందు ఆమ్లమో క్షారమో ప్రశ్నలో చెప్పకపోతే ఏం చేయాలి? దాని లవణం పేరు గుర్తుచేసుకోండి. ఆమ్ల మందును సోడియం, పొటాషియం లాంటి క్షారలోహంతో కలిపి లవణంగా చేస్తారు. డైక్లోఫినాక్ సోడియం, ఫెనిటాయిన్ సోడియం అలాంటివే. క్షార మందును ఆమ్లంతో కలుపుతారు. లిగ్నోకైన్ హైడ్రోక్లోరైడ్, మార్ఫిన్ సల్ఫేట్, క్లోరోక్విన్ ఫాస్ఫేట్, క్లోర్‌ఫెనిరమిన్ మాలియేట్ అలాంటివి.

దీనికి మినహాయింపు కూడా మన ఇళ్లలోనే ఉంది. పాంటోప్రజోల్ సోడియం పేరు చూస్తే ఆమ్లమనిపిస్తుంది. ఆ అణువులో ప్రోటాన్‌ను వదులుకోగల చోటు ఒకటి, అందుకోగల చోటు ఇంకొకటి ఉన్నాయి. అది పనిచేసేది బలహీన క్షారంగానే.

లవణంగా మార్చడంలో ఉద్దేశం నీటిలో కరిగించడం. అయాన్ రూపానికి కొవ్వు పొర దాటడం కష్టమైనా నీటిలో కరగడం తేలిక. ఫెనిటాయిన్ ఇంజెక్షన్ పీహెచ్ దాదాపు 12 ఉంటుంది. అంత క్షారంలో ఉంటేనే అది కరిగి ఉంటుంది. ఆమ్ల స్వభావం ఉన్న డెక్స్‌ట్రోజ్ సెలైన్‌లో కలిపితే ప్రోటాన్ తిరిగి చేరి, స్ఫటికాలుగా విడిపోతుంది. అందుకే దాన్ని నార్మల్ సెలైన్‌లోనే ఇవ్వాలని వార్డులో నర్సులకు పదేపదే చెబుతారు. ప్రోటాన్ లెక్క తప్పితే సూది గొట్టంలోనే మందు గడ్డకడుతుందన్నమాట.

జీర్ణాశయమా, చిన్న పేగా?

అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థల్లో బెర్నార్డ్ బ్రోడీ, ఆయన సహచరులు షోర్, హాగ్‌బెన్ 1957లో పీహెచ్ పార్టిషన్ సిద్ధాంతాన్ని ప్రతిపాదించారు. పొరకు రెండు వైపులా పీహెచ్ వేరుగా ఉంటే మందు రెండు వైపులా సమానంగా ఉండదు, తాను అయాన్‌గా మారే వైపే ఎక్కువగా పోగుపడుతుందన్నది దాని సారం.

ఈ సిద్ధాంతం ప్రకారం ఆస్పిరిన్ లాంటి ఆమ్లాలు జీర్ణాశయంలోంచే శోషణ కావాలి. కొంత అవుతాయి కూడా. జీర్ణాశయపు పొర కణంలోకి ఆవేశం లేకుండా జారిన ఆస్పిరిన్ లోపలి పీహెచ్ 7 దగ్గర ఉండటంతో అయాన్‌గా మారి అక్కడే చిక్కుతుంది. ఆస్పిరిన్ కడుపులో మంట, పుండ్లు తెచ్చిపెట్టడానికి ఉన్న కారణాల్లో ఇదొకటి.

అయితే ఆస్పిరిన్ ఎక్కువ మొత్తంలో శోషణ అయ్యేది చిన్న పేగులోనే. పీహెచ్ 6 దగ్గర దానిలో ఆవేశం లేని భాగం 0.3 శాతమే. మరి ఎలా? మొదటిది, చిన్న పేగు లోపలి ముడతలు, వేళ్లలాంటి విల్లైలు, వాటిమీద మైక్రోవిల్లైలు కలిసి జీర్ణాశయంతో పోల్చలేనంత వైశాల్యాన్నిస్తాయి. రెండోది, అక్కడ రక్తప్రసరణ ఎక్కువ, మందు ఉండే సమయమూ ఎక్కువ. మూడోది, సమతాస్థితి నిలిచిపోదు. ఆ 0.3 శాతం పొర దాటగానే అయాన్లలో కొన్ని ప్రోటాన్లను అందుకుని ఖాళీని భర్తీ చేస్తాయి. బావిలో నీళ్లు తోడేకొద్దీ ఊట ఊరినట్టు ఇది సాగుతూనే ఉంటుంది.

పరీక్షలో 'అయనీకరణం దృష్ట్యా అనుకూలమైన చోటు ఏది' అని అడిగితే ఆస్పిరిన్‌కు జీర్ణాశయం అని రాయాలి. 'ఎక్కువ శోషణ ఎక్కడ' అని అడిగితే చిన్న పేగు అని రాయాలి. ప్రశ్నలో ఒక్క మాట మారితే జవాబు మారుతుంది.

అయాన్ ట్రాపింగ్: చిక్కిన అయాన్

పొర దాటాక అయాన్‌గా మారిన మందు వెనక్కి రాలేకపోవడాన్ని అయాన్ ట్రాపింగ్ అంటారు. ఆమ్ల మందు క్షార ద్రవంలో చిక్కుతుంది. క్షార మందు ఆమ్ల ద్రవంలో చిక్కుతుంది.

మార్ఫిన్ దీనికి మంచి ఉదాహరణ. ఇది క్షారం, పీకేఏ సుమారు 8. ఇంజెక్షన్‌గా సిరలోకి ఇచ్చినా రక్తంలోంచి జీర్ణాశయంలోకి జారి, అక్కడి ఆమ్లంలో ప్రోటాన్ అందుకుని చిక్కుకుంటుంది. మార్ఫిన్ విషప్రభావంలో ఇంజెక్షన్ రూపంలో తీసుకున్నవారికి కూడా కడుపు కడగడం ఉపయోగమని పాఠ్యపుస్తకాలు చెప్పడానికి కారణం ఇదే. తల్లిపాల పీహెచ్ రక్తం కంటే కొంచెం తక్కువ కాబట్టి క్షార మందులు పాలలోకి కాస్త ఎక్కువగా చేరతాయి. కాన్పు కష్టమై గర్భస్థ శిశువు రక్తం ఆమ్లత్వానికి లోనైతే, తల్లికి ఇచ్చిన లిగ్నోకైన్ శిశువు వైపు పోగుపడే ప్రమాదం కూడా ఇలాంటిదే.

పరీక్షల్లో ఎక్కువగా అడిగేది మాత్రం మూత్రం సంగతి. ఆస్పిరిన్ మోతాదు మించినప్పుడు ఒంట్లో నిలిచేది శాలిసిలిక్ ఆమ్లం, పీకేఏ 3. ఆవేశం లేని రూపం పొరకు రెండు వైపులా ఒక్కొక్క భాగం ఉందనుకుందాం. పీహెచ్ 7.4 రక్తంలో ఆ ఒక్క భాగానికి సుమారు 25,000 భాగాల అయాన్ ఉంటుంది. మూత్రం పీహెచ్ 5 అయితే అక్కడ అయాన్ 100 భాగాలే. పీహెచ్ 8కి పెంచితే 1,00,000 భాగాలు. ఒకప్పుడు మూత్రంలో రక్తం కంటే 250 రెట్లు తక్కువగా ఉన్న మందు ఇప్పుడు 4 రెట్లు ఎక్కువైంది. మూడు అంకెల పీహెచ్ మార్పుతో 1,000 రెట్ల తేడా వచ్చింది. ఇది ప్రొటీన్లకు అంటుకోని మందుకు వర్తించే సైద్ధాంతిక లెక్క. మూత్రం ఆగకుండా కదిలిపోతుంది కాబట్టి కిడ్నీలో ఈ సమతాస్థితి పూర్తిగా రాదు, అయినా లాభం పెద్దదే.

అందుకే శాలిసిలేట్ విషప్రభావంలో సోడియం బైకార్బొనేట్‌ను సిరలోకి ఎక్కించి మూత్రం పీహెచ్‌ను 7.5 నుంచి 8 వరకు తెస్తారు. దీనివల్ల మరో మేలు మెదడుకు. రక్తం పీహెచ్ 7.4 నుంచి 7.1కి పడిపోతే ఆవేశం లేని శాలిసిలిక్ ఆమ్లం రెట్టింపవుతుంది, మెదడులోకి వెళ్లేదీ ఆ మేరకు పెరుగుతుంది. బైకార్బొనేట్ రక్తం పీహెచ్‌ను నిలబెట్టి ఆ దారిని సన్నం చేస్తుంది. పొటాషియం తక్కువగా ఉంటే కిడ్నీ ప్రోటాన్లను మూత్రంలోకి వదులుతూనే ఉంటుంది, బైకార్బొనేట్ ఎంత ఇచ్చినా మూత్రం క్షారంగా మారదు. కాబట్టి పొటాషియం లోటును కూడా సరిచేయాలి.

'అసిటజోలమైడ్ కూడా మూత్రాన్ని క్షారంగా మారుస్తుంది కదా, అది ఇవ్వొచ్చా?' అన్నది ఇక్కడ అడిగే చిక్కు ప్రశ్న. ఇవ్వకూడదు. అది మూత్రాన్ని క్షారం చేస్తూ రక్తాన్ని ఆమ్లం వైపు నెడుతుంది. శాలిసిలేట్‌ను మెదడు వైపు తోసినట్టవుతుంది.

ఫినోబార్బిటాల్ (ఆమ్లం, పీకేఏ సుమారు 7.4) రక్తంలో సగం సగంగా ఉంటుంది. మూత్రం పీహెచ్ 8 అయితే 80 శాతం అయాన్‌గా మారుతుంది. రక్తంతో పోలిస్తే మూత్రంలో 2.5 రెట్లు పోగుపడుతుంది. లాభం ఉంది కానీ శాలిసిలేట్ అంత కాదు.

యాంఫెటమిన్ క్షారం, పీకేఏ 9.9. సిద్ధాంతం ప్రకారం అమ్మోనియం క్లోరైడ్‌తో మూత్రాన్ని ఆమ్లంగా మారిస్తే త్వరగా పోవాలి. పూర్వం అలా చేసేవారు. రక్తంలో ఆమ్లత్వం పెరగడం, కండరాలు దెబ్బతిన్నప్పుడు కిడ్నీకి హాని ఎక్కువవడం వంటి ప్రమాదాల వల్ల ఆ పద్ధతి ఇప్పుడు వాడుకలో లేదు. సిద్ధాంతపు జవాబు, వైద్యపు జవాబు వేర్వేరు కావచ్చని ఇది గుర్తుచేస్తుంది.

చీము పట్టిన పన్నుకు మత్తు ఎందుకు ఎక్కదు?

పన్ను వాచి చీము పట్టినప్పుడు దంతవైద్యులు ముందు వాపు తగ్గడానికి మందులిచ్చి, తర్వాత రమ్మంటారు. దాని వెనక ఉన్న కారణాల్లో ఒకటి ప్రోటాన్. లిగ్నోకైన్ నరం పొరను దాటాలంటే ఆవేశం ఉండకూడదు. లోపలికి వెళ్లాక సోడియం చానల్‌ను లోపలి వైపు నుంచి మూసేది మాత్రం ప్రోటాన్ అందుకున్న అయాన్ రూపం. దాటేది ఒక రూపం, పనిచేసేది ఇంకో రూపం.

మామూలు కణజాలంలో 24 శాతం లిగ్నోకైన్‌కు ఆవేశం ఉండదు. వాపు ఉన్నచోట పీహెచ్ 6.4కి పడిందనుకుంటే తేడా 1.5. ప్రోటాన్ ఉన్న రూపం 32 రెట్లు. దాటగలిగేది 3 శాతమే మిగులుతుంది. మత్తు ఆలస్యమవుతుంది, సరిగా ఎక్కదు. వాపు వల్ల పెరిగిన రక్తప్రసరణ మందును త్వరగా మోసుకుపోవడం ఇంకో కారణం. ఇంజెక్షన్‌లో కొంత సోడియం బైకార్బొనేట్ కలిపితే మంట తగ్గి, మత్తు త్వరగా ఎక్కడం ఈ లెక్కకు మరోవైపు.

గ్యాస్ మాత్ర పరగడుపున ఎందుకు?

ఒమెప్రజోల్ బలహీన క్షారం, పీకేఏ సుమారు 4. మాత్రకు ఆమ్లంలో కరగని పూత ఉంటుంది కాబట్టి జీర్ణాశయం దాటి చిన్న పేగులో విడుదలవుతుంది. రక్తంలో పీహెచ్ 7.4 వద్ద దానికి దాదాపు ఆవేశం ఉండదు, ఎక్కడికైనా వెళ్లగలదు. జీర్ణాశయంలో ఆమ్లాన్ని స్రవించే కణాల సన్నని నాళికల్లో పీహెచ్ సుమారు 1 ఉంటుంది. అక్కడికి చేరగానే ప్రోటాన్ అందుకుని చిక్కుకుంటుంది. తేడా 3 కాబట్టి రక్తం కంటే దాదాపు 1,000 రెట్లు పోగుపడుతుంది. ఆ ఆమ్లమే దాన్ని చురుకైన రూపంలోకి మార్చి, ప్రోటాన్ పంపును మూసేలా చేస్తుంది. ఆమ్లం ఊరుతున్నప్పుడే మందు అక్కడ ఉండాలి కాబట్టి భోజనానికి అరగంట, గంట ముందు వేసుకోమంటారు.

ఇదే మాత్ర మరో మందుకు అడ్డుపడుతుంది. తామరకు ఇచ్చే ఇట్రాకొనజోల్ బలహీన క్షారం. దాని క్యాప్సూల్ కరగాలంటే కడుపులో ఆమ్లం కావాలి. గ్యాస్ మాత్ర ఆ ఆమ్లాన్ని తగ్గించేస్తే ఇట్రాకొనజోల్ సరిగా కరగదు, రక్తంలోకీ సరిగా చేరదు. తామర తగ్గలేదని మందును నిందించే ముందు, దాంతోపాటు ఏం వేసుకున్నారో అడగాలి.

సుబ్బారావు వారసత్వం, మూత్రం పీహెచ్ 7

భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో నడిపించిన బృందం ఫోలిక్ ఆమ్లాన్ని, దాన్ని అడ్డుకునే అమినోప్టెరిన్‌ను తయారుచేసింది. ఆ మందుతో పిల్లల ల్యుకేమియా తాత్కాలికంగానైనా వెనక్కి తగ్గిందని సిడ్నీ ఫార్బర్ 1948లో ప్రకటించారు. అదే కుటుంబానికి చెందిన మెథోట్రెక్సేట్ ఇప్పటికీ క్యాన్సర్ వార్డుల్లో వాడుకలో ఉంది.

మెథోట్రెక్సేట్ బలహీన ఆమ్లం, దాని రెండు కార్బాక్సిల్ సమూహాల పీకేఏలు సుమారు 4.8, 5.5. పెద్ద మోతాదులో ఇచ్చినప్పుడు మూత్రం ఆమ్లంగా ఉంటే ఆవేశం లేని రూపం పెరుగుతుంది. అది నీటిలో సరిగా కరగదు, కిడ్నీ నాళికల్లో స్ఫటికాలుగా పేరుకుని కిడ్నీని దెబ్బతీస్తుంది. మూత్రం పీహెచ్ 6 నుంచి 7కి పెరిగితే కరిగే శక్తి 5 నుంచి 8 రెట్లు పెరుగుతుంది. అందుకే ఈ చికిత్సలో సెలైన్లతోపాటు సోడియం బైకార్బొనేట్ ఇస్తూ, మూత్రం పీహెచ్ 7కి తగ్గకుండా చూస్తారు. వార్డులో పదేపదే మూత్రంలో ముంచే చిన్న పీహెచ్ పట్టీ ఒక రోగి కిడ్నీని కాపాడుతుంది.

పీహెచ్ పట్టని మందులు

అన్ని మందులూ ఈ ఆటలో ఉండవు. మూడు రకాలను గుర్తుంచుకోండి.

ఎక్కువగా ఆవేశం లేనివి: చాలా బలహీన ఆమ్లాలు (ఫెనిటాయిన్, పీకేఏ 8.3), చాలా బలహీన క్షారాలు (డయాజెపామ్, పీకేఏ 3.3). రక్తంలో, పేగులో, మూత్రంలో ఇవి ఎక్కువ భాగం ఆవేశం లేకుండానే ఉంటాయి.

ఎప్పుడూ ఆవేశం ఉండేవి: నియోస్టిగ్మిన్, ఇప్రట్రోపియం లాంటి క్వాటర్నరీ అమ్మోనియం మందులు. వీటి నైట్రోజన్‌కు నాలుగు కార్బన్ బంధాలు ఉంటాయి. ఆవేశం ప్రోటాన్ వల్ల వచ్చింది కాదు, కాబట్టి ఏ పీహెచ్‌లోనూ పోదు. ఉమ్మెత్త కాయ తిని మతి తప్పినవారి విషయంలో ఫైసోస్టిగ్మిన్‌కు మెదడు మీద ప్రభావం ఉండి, నియోస్టిగ్మిన్‌కు లేకపోవడం దీనివల్లే. పురుగుమందు తాగినవారికి ఇచ్చే ప్రాలిడాక్సిమ్ మెదడులోకి సరిగా వెళ్లదు, అట్రోపిన్ వెళ్తుంది. అట్రోపిన్ పీకేఏ దాదాపు 9.8. రక్తంలో ఆవేశం లేని భాగం అర శాతం కూడా లేకపోయినా, ఊట ఊరినట్టు భర్తీ అవుతూ దాటిపోతుంది.

మధ్యలోవి: పీకేఏ 3 నుంచి 7.5 ఉన్న ఆమ్లాలు, 7.5 నుంచి 10.5 ఉన్న క్షారాలు. మూత్రం పీహెచ్ మార్చితే విసర్జనలో చెప్పుకోదగ్గ తేడా వచ్చేది వీటిలోనే.

మాదిరి ప్రశ్నలు

1. పీకేఏ 4.4 ఉన్న ఆమ్ల మందు పీహెచ్ 6.4 ద్రవంలో ఎంత శాతం ఆవేశం లేకుండా ఉంటుంది?
జవాబు: 1 శాతం. తేడా 2, పీహెచ్ ఎక్కువ. 99 శాతం ప్రోటాన్ కోల్పోయింది, ఆమ్లం కాబట్టి అదంతా అయాన్.

2. పీకేఏ 8.4 ఉన్న క్షార మందు రక్తంలో ఎంత శాతం అయాన్‌గా ఉంటుంది?
జవాబు: 91 శాతం. తేడా 1, పీహెచ్ తక్కువ, ప్రోటాన్ ఉన్న రూపం 10 రెట్లు.

3. కింది వాటిలో ఏ మందు అయనీకరణం మూత్రం పీహెచ్‌తో మారదు? శాలిసిలిక్ ఆమ్లం, ఫినోబార్బిటాల్, యాంఫెటమిన్, నియోస్టిగ్మిన్.
జవాబు: నియోస్టిగ్మిన్. దాని ఆవేశం శాశ్వతం.

4. వాక్యం: డయాజెపామ్ పీకేఏ 3.3. కారణం: అది ఆమ్ల మందు. ఏది సరి?
జవాబు: వాక్యం సరి, కారణం తప్పు. డయాజెపామ్ క్షారం. పీకేఏ జాతిని చెప్పదు.

5. క్లోరోక్విన్ లైసోజోముల్లో పోగుపడటానికి కారణం ఏమిటి?
జవాబు: అది క్షారం. లైసోజోముల్లో పీహెచ్ 5 కంటే తక్కువ. లోపల ప్రోటాన్ అందుకుని చిక్కుతుంది. దాని వ్యాప్తి ఘనపరిమాణం చాలా ఎక్కువగా ఉండటానికి కణజాలాల్లో ఇలా పేరుకోవడం ఒక కారణం.

పరీక్ష హాల్లోకి వెళ్లే ముందు

ప్రశ్న చదవగానే తెల్లకాగితం అంచున మూడు మాటలు రాసుకోండి. మందు ఆమ్లమా, క్షారమా? పీహెచ్ పీకేఏ కంటే ఎక్కువా, తక్కువా? ప్రోటాన్ మందు మీద ఉందా, పోయిందా? మూడోదానికి జవాబు దొరికితే ఆవేశం తెలుస్తుంది. ఆవేశం తెలిస్తే శోషణ, విసర్జన, మెదడు, తల్లిపాలు, అన్నీ వరసగా విప్పుకుంటాయి.

మార్కుల కోసం మొదలుపెట్టిన ఈ లెక్క రేపు వార్డులో కూడా మీతోనే ఉంటుంది. ఆస్పిరిన్ గుప్పెడు మింగిన పిల్లవాడికి బైకార్బొనేట్ ఎందుకు ఎక్కిస్తున్నారో, ఫెనిటాయిన్‌ను డెక్స్‌ట్రోజ్‌లో ఎందుకు కలపకూడదో మీకు తెలిసి ఉంటుంది. తెలిసినవాళ్లు పక్కన ఉండటమే ఆ రోగికి కావాల్సింది.